బెల్టు ఎవరు తీయమన్నారు

మా మరిదిని షాపులో అందరూ నిదానం అంటారు. ఆ పేరు నేను పెట్టిందే. మా చెల్లిని చేసుకున్న కొత్తలో, అతను ఒక కేకు ఇచ్చి వచ్చేలోపు నేను ఇంకో కేకు చేసేసేదాన్ని. కారు వెనక హారన్లు మోగుతూనే ఉండేవి. సైకిళ్ళ వాళ్ళు కూడా దాటేసి, వెనక్కి తిరిగి ఒక చూపు చూసి మరీ పోయేవారు. "కేకు కదిలితే తిట్టేది మీరే కదా వదినా" అని నవ్వేవాడు. మంచివాడే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను అతన్ని తిడతాను, అప్పుడు మీరు నన్ను గయ్యాళి అనుకుంటారు. అనుకోండి, నాకేం ఊడిపోదు.

మాది చిన్న బేకరీ. ముందు గదిలో గాజు బీరువా, నా గల్లాపెట్టె. వెనక గదిలో ఓవెన్, చెల్లి బల్ల. బ్రెడ్డు, బిస్కెట్లు నా పని. కేకు మీద పువ్వులూ అక్షరాలూ చెల్లి పని. క్రీము నింపిన సంచిని కుడిచేత్తో పిండుతూ, ఎడమచేత్తో పళ్ళేన్ని తిప్పుతూ గులాబీలు పూయించేది. పువ్వు పూర్తయ్యేదాకా నోరు విప్పేది కాదు. "ఏమే, చెవుడా" అని నేను అరిస్తే, చివరి రెక్క పెట్టాక తాపీగా "ఇప్పుడు చెప్పు" అనేది. షాపు నడిచింది ఆ చేతి మీదే. నా బిస్కెట్ల కోసం ఎవరూ ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి రారు.

మా అమ్మ కాలం నుంచి ఈ షాపుకో పద్ధతి ఉంది. అంతస్తుల కేకుని తాడుతో కట్టకూడదు, నొక్కుకుపోతుంది. డిక్కీలో పెట్టకూడదు, వేడికి కరిగిపోతుంది. అందుకని వెనక సీటు మీద చెక్క వేసి దాని మీద పెట్టాలి, పక్కన ఒక మనిషి కూర్చోవాలి. మలుపు వచ్చే ముందు నడిపేవాడు "మలుపు" అని చెప్పాలి. ఆ మాట వినగానే పక్క మనిషి బెల్టు తీసేసి, ఒరిగి, పెట్టెని రెండు చేతులతో పొదివి పట్టుకోవాలి. బెల్టు ఉంటే అవతలి అంచుకి చెయ్యి అందదు, బ్రేకు పడితే అది బిగుసుకుంటుంది. మలుపు దాటాక మళ్ళీ బెల్టు. అమ్మ మాకు నేర్పింది, మేం నిదానానికి నేర్పాం. ఇన్నేళ్ళలో ఒక్క కేకు ఒరగలేదని గొప్పలు చెప్పుకునేవాళ్ళం. తగలెయ్య ఆ గొప్పని.

ఆ రోజు మూడంతస్తుల కేకు, ఏదో హోటల్లో పార్టీకి. కారు నిదానం నడుపుతున్నాడు, వెనక పెట్టె పక్కన చెల్లి. ఎర్ర గులాబీలు. పెట్రోలు బంకు దగ్గర మలుపు తిరుగుతుంటే, పక్క వీధిలోంచి ఒక కారు ఆగాల్సిన గీత దగ్గర ఆగకుండా దూసుకొచ్చి వెనక తలుపుని గుద్దింది. ఆ కారు నడిపేవాడు ఫోన్లో మాట్లాడుతున్నాడట. నిదానానికి చిన్న గీటు కూడా పడలేదు. చెల్లి ఎగిరి రెండు సీట్ల మధ్య పడింది, కుడిచెయ్యి ముందు సీటుకీ తలుపుకీ మధ్య ఇరుక్కుపోయింది. జనం పోగై, ఒళ్ళంతా రక్తమని కేకలు పెట్టారట. "అది రంగండీ, క్రీము" అని చెల్లే వాళ్ళకి సర్ది చెప్పిందట. హోటలు వాళ్ళు నాకు ఫోను చేసి కేకు ఇంకా రాలేదేమని అడిగారు. నాకు ఆ సంగతి తెలిసింది అలాగ.

ఆసుపత్రిలో కట్టు కట్టిన చేత్తో పడుకుని, నేను అడక్కుండానే చెప్పింది. "ఆయన మలుపు అన్నారక్కా. నేను బెల్టు తీసి పెట్టె పట్టుకున్నాను. అంతే, ఇంకేం తెలీదు." అప్పటికి లాయర్ల ఊసు లేదు, నష్టపరిహారం ఊసు లేదు. ఎవరిది తప్పో ఎవరికీ ఆలోచన లేదు. నిదానం మంచం పట్టీ పట్టుకుని నిలబడి ఏడుస్తున్నాడు. చెల్లి ఆ మాట అన్నప్పుడు అవునన్నట్టు తల కూడా ఊపాడు. నా రెండు కళ్ళతో చూశాను.

ఎముకలు అతుక్కున్నాయి. చెయ్యి మాత్రం రాలేదు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి వస్తాయి గానీ కలవవు. క్రీము సంచి పట్టుకుంటే జారిపోతుంది. డాక్టరు చెప్పిందేమిటంటే, మోచెయ్యి దగ్గర నరం తెగింది, కాలి నుంచి నరం ముక్క తీసి అక్కడ కలిపితే వేళ్ళు మళ్ళీ ముడుచుకోవచ్చు. ఆలస్యం చేస్తే కండ ఎండిపోతుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఖర్చు విని బ్యాంకుకి పరిగెత్తాను. బ్యాంకు వాడు మీ ఓవెన్ అప్పే ఇంకా తీరలేదన్నాడు. ఆ ఓవెన్ అమ్మేద్దామన్నాను నేను. "అమ్మేసి చెయ్యి బాగుచేయించుకుని, ఆ చేత్తో ఏం చెయ్యనక్కా, నీకు జడ వెయ్యనా" అంది. నవ్వుదామనే అంది, నాకే నవ్వు రాలేదు.

ఇక మిగిలింది నష్టపరిహారం. మా లాయరు ఒక పెద్దావిడ. మందులషాపు మీద గది, మెట్లెక్కేసరికి నాకు ఆయాసం. ఆవిడ కళ్ళజోడు నెత్తి మీదకి తోసి, తెల్లకాగితం మీద గుండ్రంగా గీసింది.

"చూడమ్మా, ఇలాంటి కేసుల్లో తప్పు ఒక్కరిదే అనరు. ముక్కలు చేస్తారు. ఆ కారువాడిది పెద్ద ముక్క, అందులో అనుమానం లేదు. కానీ మీ చెల్లికి బెల్టు లేదు. ఉంటే దెబ్బ ఇంత తగిలేది కాదని అవతలి ఇన్సూరెన్స్ వాళ్ళు అంటారు. అదీ అబద్ధం కాదు. ఆవిడ వాటాకి ఎంత ముక్క పడితే, రావలసిన డబ్బులో అంత కోసేస్తారు."

తప్పుని కూడా కేకులా కోస్తారని నాకు ఆ రోజే తెలిసింది.

"కోస్తే ఆపరేషన్‌కి చాలదండీ" అన్నాను.

"చాలదు. అందుకే అడుగుతున్నాను. బెల్టు తనంతట తాను తీసిందా, ఎవరైనా తీయమన్నారా?"

మేం మా పద్ధతి చెప్పాం. ఆవిడ కళ్ళజోడు కిందకి దించుకుంది. "అయితే అది వేరు. నడిపేవాడు చెప్పాడు, అలవాటు ప్రకారం ఆవిడ చేసింది. ఆ ముక్కలో చాలా భాగం ఇతని మీదకి వస్తుంది. మీ కారు ఇన్సూరెన్స్ వాళ్ళు కడతారు, ఇతని జేబులోంచి పోయేది లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలు." తర్వాత నిదానం వైపు తిరిగి, "బాబూ, చెప్తావా?" అంది.

"చెప్తానండీ. నేను అన్నమాటే కదా. చెప్పకుండా ఎలా ఉంటాను" అన్నాడు. ఎప్పుడూ లేనిది, వెంటనే అన్నాడు. మెట్లు దిగుతుంటే నాకు అతను ముద్దొచ్చాడు. ఆ పూట ఇంట్లో చెల్లి కూడా కాస్త తిన్నది.

అయితే ఒక చిక్కు ఉంది. నిదానం పొద్దునా సాయంత్రం బడి పిల్లల వ్యాను నడుపుతాడు. చెల్లి చెయ్యి పడిపోయాక ఆ జీతమే ఇల్లు నడుపుతోంది. విచారణకి ముందు బడి మేనేజరు అతన్ని పిలిచి, తీర్పు రాగానే ఒక కాపీ తెచ్చివ్వమన్నాడట. బండిలో మనిషి చేత బెల్టు తీయించినవాడి చేతికి పిల్లల్ని ఎలా ఇస్తామని నవ్వుతూనే అన్నాడట. నిదానం ఆ మాట మాకు చెప్పి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఏమడిగినా నీళ్ళు నమిలాడు. "పోతే పోనీవయ్యా, వ్యాన్లకేం కరువా" అన్నాను. చెల్లి మాత్రం అతని కంచం వైపే చూస్తూ కూర్చుంది.

విచారణ గదిలో పెద్ద బల్ల, మధ్యలో నీళ్ళ జగ్గు, చప్పుడు చేస్తూ తిరిగే ఫ్యాను. అవతలి లాయరు కుర్రవాడు, బల్ల మీద వీధుల బొమ్మ పరిచి, రెండు ఆటబొమ్మ కార్లు పెట్టాడు. ఒకటి నీలం, ఒకటి పసుపు. మేం పసుపు. దాన్ని వేలితో తోస్తూ, "ఇక్కడ మీరు మలుపు తిరిగారు" అన్నాడు. అంత చిన్న కారులో మా చెల్లి ఎక్కడుందా అని నేను వెతుక్కున్నాను.

విచారణాధికారి నెమ్మదస్తుడే. ముందు చెల్లిని అడిగాడు. "బెల్టు పెట్టుకునే బయల్దేరానన్నారు. మరి మధ్యలో ఎందుకు తీశారమ్మా? ఎవరైనా తీయమన్నారా?"

చెల్లి మొగుడి వైపు చూసింది. అతను వ్యాను తాళం చెవిని అరచేతిలో పెట్టుకుని, దాన్నే చూస్తున్నాడు.

"ఎవరూ అనలేదండీ. కేకు ఒరుగుతుందేమోనని నాకే తోచింది. ఆయనేం అనలేదు."

మా లాయరు చేతిలో పెన్ను ఆగిపోయింది. నేను లేచాను. ఆవిడ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. అధికారి నిదానాన్ని అడిగాడు. "మీరు ఏమైనా చెప్పారా, మలుపు వస్తోందని గానీ, పట్టుకోమని గానీ?"

అతను ఎప్పటిలాగే సమయం తీసుకున్నాడు. ఆ కాస్త సేపూ మా చెల్లి ఊపిరి బిగబట్టింది. గులాబీ రెక్క పెట్టేటప్పుడు ఎలా బిగబట్టేదో అలాగే. పక్కన కూర్చున్న నాకు తెలుసు.

"లేదండీ" అన్నాడు.

వరండాలోకి రాగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిదానం అప్పటికే కారు తెస్తానని దిగిపోయాడు. చెల్లి భుజం పట్టుకుని గోడవారకి లాగాను.

"బుద్ధుందా నీకు? ఎవరడిగారే నిన్ను ఆ అబద్ధం చెప్పమని?"

"వ్యాను పోతుందని భయపడుతున్నాడక్కా. రాత్రుళ్ళు నిద్ర పోవట్లేదు."

"నీ చెయ్యి పోతోందని నాకూ నిద్ర లేదు. మరి నా సంగతేంటి?"

చెల్లి ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని నిలబడింది. "నేను అలా అంటే..." అని ఆగింది. మళ్ళీ అంది. "నేను అలా అంటే, కాదు, నేనే అన్నాను అని తను చెప్తాడనుకున్నానక్కా. తప్పకుండా చెప్తాడనుకున్నాను."

నా దగ్గర తిట్లకి ఎప్పుడూ కొదవ లేదు. ఆ పూట వాటిని పక్కనపెట్టి, చెల్లిని దగ్గరికి తీసుకుని ఏడ్చాను. మా లాయరు వచ్చి, ఇద్దరూ ఒకే మాట చెప్పాక రేపు మార్చి చెప్తే ఎవరూ నమ్మరని మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

తీర్పు వచ్చింది. తప్పులో నూటికి డెబ్బై వంతులు ఆ కారువాడిది, ముప్పై మా చెల్లిది. మా కారు నడిపిన వ్యక్తి తప్పేమీ లేదు. నిదానం షాపులో నిలబడి దాన్ని పైకి చదివాడు. చివరి వాక్యం రెండోసారి చదివాడు. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బస్తా దించుకున్నట్టు అతని భుజాలు దిగాయి. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు జాలేసింది. ఇంతకాలం మనసులో ఎంత కుమిలాడో అనుకున్నాను. ఆ కాపీ బడికి ఇచ్చి, స్వీటు ప్యాకెట్టుతో వచ్చాడు. బేకరీకి స్వీటు ప్యాకెట్టు.

వచ్చిన డబ్బు ఆపరేషన్‌కి చాలలేదు. అది మేం అనుకున్నదే. అనుకోనిది వేరే ఉంది.

ఒక రోజు గల్లా దగ్గర కూర్చుని చిల్లర సర్దుతుంటే, పాత ఖాతాదారు ఒకావిడ చెల్లి చెయ్యి గురించి అడిగింది. నిదానం పిండి బస్తా దించుతూ, "బెల్టు పెట్టుకోమని ఎప్పుడూ చెప్తూనే ఉంటానండీ. వింటేనా" అన్నాడు. నేను తలెత్తి చూశాను. ఆవిడ ముందు పరువు కోసం అన్నాడులే అనుకుని సరిపెట్టుకున్నాను. ఇంకో రోజు వ్యాను డ్రైవర్లతో టీ తాగుతూ అదే మాట అన్నాడు. తర్వాత మా ఇంట్లో భోజనాల దగ్గర, ఎవరూ అడక్కుండా, చెల్లి ఎదురుగానే అన్నాడు. "ఆ ఒక్క క్షణం ఓపిక పట్టి ఉంటే ఎంత బాగుండేది" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అన్నం కలిపి చెంచాతో ఆమె కంచంలో సర్దుతూ అన్నాడు. చెల్లి తలెత్తలేదు.

"ఏమయ్యా, మతి ఉండే మాట్లాడుతున్నావా" అన్నాను.

"ఏమన్నాను వదినా" అన్నాడు నా వైపు తిరిగి. నిజంగానే అడిగాడు. చెల్లి బల్ల కింద నా కాలు తొక్కింది. నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, ఇది అందులో ఒకటి.

షాపులో చెల్లి ఎడమచేత్తో నేర్చుకుంటోంది. పాత కేకు ముక్కల మీద అక్షరాలు రాస్తుంది. అవి వంకర పోతాయి. చెరిపి మళ్ళీ రాస్తుంది. గులాబీ ఒక్కటీ నిలబడలేదు. మూడంతస్తుల కేకులు అడిగేవాళ్ళకి నేను లేవని చెప్పేస్తున్నాను. బల్ల దగ్గరికి ఆ మాట వినపడకూడదని బయటికి వెళ్ళి మరీ చెప్తున్నాను.

కిందటి వారం డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన చెల్లి బొటనవేలి కింద కండని నొక్కి చూశాడు. ఇటు నొక్కాడు, అటు నొక్కాడు. "అప్పుడే చేయించుకుని ఉండాల్సిందమ్మా" అన్నాడు. ఇప్పుడు చేసినా లాభం ఉండదన్నాడు. చెల్లి "సరేనండీ" అంది, కొట్లో ఏదో సరుకు లేదంటే అన్నట్టు. తిరిగి వచ్చేటప్పుడు తను ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక, కేకు పెట్టే చోట. ఆ చెక్క ఇంకా అక్కడే ఉంది. అతను చెల్లికి బెల్టు పెట్టాడు, తలుపు వేశాడు, బయల్దేరాం.

పెట్రోలు బంకు కనిపించింది. నిదానం బండిని ఇంకా నెమ్మది చేశాడు. వెనక అప్పుడే హారన్లు మొదలయ్యాయి.

"ఏవండీ" అంది చెల్లి. "మలుపు."

"ఊ."

"ఆ రోజు మీరు అన్నారు కదా."

 చెల్లి రోడ్డు వైపే చూస్తూ మాట్లాడింది. గొంతులో కోపం లేదు. "ఇక్కడ ఆ బల్ల లేదు, ఆ ఆఫీసరు లేడు. అక్క తప్ప ఎవరూ లేరు. వ్యాను ఎక్కడికీ పోదు. చెయ్యి ఎలాగూ రాదు, అది నేను ఒప్పేసుకున్నాను. మీరు అన్నారు, నేను తీశాను. అవునని ఒక్కసారి నాతో చెప్పండి చాలు. నాకు ఇంకేం వద్దు. నా ఒక్కదాని మీదే పెట్టుకుని బతకలేకపోతున్నాను."

నిదానం బండిని పక్కకి తీసి ఆపాడు. ఆలోచించాడు. అతను ఆలోచించేటప్పుడు కింది పెదవి ముందుకొస్తుంది, చిన్నపిల్లాడిలా. అద్దంలో నాకు అతని ముఖం కనిపిస్తోంది. అందులో అబద్ధం కోసం వెతికాను. ఉంటే బాగుండుననే వెతికాను. లేదు.

"నేనేం అనలేదు కదా" అన్నాడు మెల్లగా. "నువ్వే చెప్పావు."

చెల్లి బెల్టు తీసుకోవడానికి ఎడమచెయ్యి అడ్డంగా కుడిపక్కకి చాపింది. వేళ్ళు అందాయి గానీ మీట నొక్కలేకపోయింది. ఇంకోసారి నొక్కింది. రాలేదు.

"ఉండు, నేను తీస్తాను" అని నిదానం వంగి, జాగ్రత్తగా, నొప్పి కలగకుండా బెల్టు తీశాడు.

చెల్లి తలుపు తెరుచుకుని దిగింది. మలుపులో రోడ్డు అంచునే, కుడిచెయ్యి కడుపుకి ఆనించుకుని, షాపు వైపు నడవడం మొదలుపెట్టింది. నేను కూడా దిగాను. వెనక బండ్ల వాళ్ళు అరుస్తున్నారు. నిదానం నా వైపు అద్దం దించాడు.

"చూసుకుని దాటండి వదినా" అన్నాడు.